కురిసే కప్పు, కదలని యజమాని: ముంబయి పాత ఇళ్ల మరమ్మతు బాధ్యత – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: అనేక కుటుంబాలు ఒకే కప్పు కింద నివసించే ఇంట్లో ఆ కప్పు కురిసినప్పుడు దానిని బాగుచేయించవలసినది ఎవరు? ఈ ప్రశ్నకు ముంబయి నగరం వందేళ్లుగా చట్టరూపంలో సమాధానాలు వెతుకుతూ వచ్చింది. 1947 నాటి అద్దె చట్టం, 1969 నాటి మరమ్మతు మండలి చట్టం, 1986 నాటి సవరణ, సహకార గృహనిర్మాణ సంఘాల ఉపనియమాలు ఆ వెతుకులాటలోని ప్రధాన ఘట్టాలు. ఈ చట్టాలు అద్దెకున్నవారికి హక్కును ఇచ్చాయి కాని, ఆ హక్కుకు సరిపడే డబ్బును ఇవ్వలేదన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ముంబయి తెలుగు శ్రామికుల నివాసాలతోను, తెలుగు రాష్ట్రాల అపార్టుమెంటు చట్టంతోను ఈ చరిత్రకు గల సంబంధాన్ని కూడా ప్రస్తావిస్తుంది.

కీలకపదాలు: చాల్, అద్దె నియంత్రణ, సెస్సు భవనాలు, ఉమ్మడి కప్పు, కామాఠీపురా, మరమ్మతు బాధ్యత.

1. ప్రవేశిక

వాన కురుస్తుంది, ఇల్లూ కురుస్తుంది. ఈ రెండింటికీ తెలుగులో ఒకే క్రియ ఉంది. కుండ కారుతుంది, కొళాయి కారుతుంది. ఇంటి విషయంలో ‘కారడం’ కూడా వాడుకలో ఉన్నప్పటికీ, ‘ఇల్లు కురుస్తోంది’ అన్న మాటలో ఉన్న బాధ అందులో లేదు. ఆకాశానికీ మనిషికీ మధ్య అడ్డుగా ఉండవలసిన కప్పు తానే ఆకాశమైపోయిందన్న భావం ఆ ప్రయోగంలో ఉంది.

పల్లెల్లో ఈ బాధకు ఒక వార్షిక పరిష్కారం ఉండేది. తొలకరికి ముందే తాటాకు ఇంటిని మళ్లీ కప్పించుకోవడం, పెంకుటింటిపై పగిలిన పెంకులు తీసి కొత్తవి సర్దించడం ఎండాకాలపు పనుల్లో భాగం. మిద్దె ఇళ్లకు డంగు సున్నంతో గచ్చు చేసేవారు. ఆ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపే పద్ధతి దక్షిణాదిన చాలాచోట్ల ఉండేది. ఈ ఏర్పాటులో గమనించవలసింది దాని సాంకేతికత ఒక్కటే కాదు. అక్కడ ఇల్లు ఒకటి, కప్పు ఒకటి, ఆ కప్పు కింద పడుకునే యజమాని ఒకడు. కప్పు కురిస్తే ముందు తడిసేది ఆయన మంచమే. అందువల్ల ‘ఎవరు బాగుచేయించాలి’ అన్న ప్రశ్నే పుట్టేది కాదు.

కప్పు ఒకటై, దాని కింది కుటుంబాలు ఇరవయ్యో ముప్పయ్యో అయి, యజమాని మరెక్కడో నివసించే పట్టణ గృహంలోనే ఆ ప్రశ్న పుట్టింది. భారతదేశంలో దాని చరిత్ర అత్యంత విపులంగా నమోదైన నగరాల్లో ముంబయి ఒకటి.

2. చాల్: అనేక గదులు, ఒక కప్పు

బొంబాయిలో తొలి నూలుమిల్లు సంస్థ 1854లో ఏర్పడింది. ఆ తరువాతి అర్ధశతాబ్దంలో నగరం నలుదిక్కుల నుంచి శ్రామికులను ఆకర్షించింది. తెలుగువారు అంతకు ముందే అక్కడికి చేరారు. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి వలసవెళ్లి కట్టడపు పనుల్లో కుదిరిన కామాఠీల పేరుమీదనే కామాఠీపురా వెలసింది. నగరాన్ని కట్టిన కూలీల పేటగా మొదలైన ఆ ప్రాంతం తరువాతి కాలంలో వేరే కారణాలతో పేరుమోసి, తన తొలి చరిత్రను దాదాపు పోగొట్టుకొంది. మిల్లుల కాలంలో కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ పరిసరాల్లో స్థిరపడ్డారు. వీరిలో అధికులు నివసించినది చాల్‌లలోనే.

చాల్ అంటే వరుసగా ఒంటిగదులు, వాటి ముందు ఒక ఉమ్మడి వసారా, అంతస్తుకు కొన్ని ఉమ్మడి మరుగుదొడ్లు. పాత చాల్‌ల గోడలు ఇటుకవి, దూలాలు టేకువి, పైకప్పు చాలావరకు మంగుళూరు పెంకులది. 1896లో ప్లేగు వచ్చినప్పుడు ఈ ఇళ్ల ఇరుకుదనం, చెమ్మ, చీకటి పాలకుల దృష్టికి వచ్చాయి. 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీ ప్రాంతాల్లో కాంక్రీటుతో 207 చాల్‌లు కట్టింది. వీటికి ప్రభుత్వమే యజమాని. ప్రైవేటు యజమాని ఉన్న చోటే కప్పు కురుస్తుందనుకోవడం పొరపాటని ఈ చాల్‌ల తరువాతి జీవితం నిరూపించింది. వానాకాలానికి ముందు నీలిరంగు బరకాలు కప్పుకొనే ముంబయి కప్పుల్లో రెండు రకాలవీ ఉంటాయి.

చాల్‌లో కప్పు కురిసినప్పుడు ఒక విచిత్రమైన అసమానత ఏర్పడుతుంది. కప్పు అందరిదీ, తడిసేది పై అంతస్తువారు మాత్రమే. కింది అంతస్తుల వారికి అది పొరుగువారి కష్టం. యజమానికి అది ఖర్చు. ఈ విభజన వల్లనే కప్పు మరమ్మతు ఎన్నడూ అందరి అత్యవసరంగా మారదు. చట్టాలు వైఫల్యం చెందిన తీరును అర్థం చేసుకోవడానికి ఈ చిన్న సంగతి కీలకం.

3. పావువంతు హక్కు

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో అద్దెదారుకు ఒక ఊరట ఉంది. తాను చేయించవలసిన మరమ్మతును నోటీసు అందిన తరువాత కూడా యజమాని సమంజసమైన గడువులో చేయించకపోతే, అద్దెదారు స్వయంగా చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. వినడానికి బాగుంది. కాని ‘తాను చేయించవలసిన’ అన్న విశేషణంలోనే చిక్కు ఉంది. ఒప్పందంలో రాసుకొంటే తప్ప యజమాని ఏ మరమ్మతుకూ కట్టుబడినవాడు కాడని వాదించే అవకాశం అది మిగిల్చింది. చాల్‌లో గది తీసుకొన్న మిల్లుకార్మికుడి చేతిలో అటువంటి ఒప్పందపత్రం ఉంటుందని ఆశించలేము.

ఆ లోటును 1947 నాటి బొంబాయి అద్దెల నియంత్రణ చట్టం పూరించింది. దాని 23వ సెక్షన్ ఇంటిని నివాసయోగ్యంగా ఉంచడం యజమాని విధి అని స్పష్టంగా చెప్పింది. అద్దెదారు ఒక్కడుగా గాని, అద్దెదారులు ఉమ్మడిగా గాని 15 రోజుల నోటీసు ఇవ్వవచ్చు. అప్పటికీ యజమాని కదలకపోతే వారే మరమ్మతు చేయించి అద్దెలో తగ్గించుకోవచ్చు. ‘ఉమ్మడిగా’ అన్న మాట ఇక్కడ గొప్పది. కప్పు ఏ ఒక్కరిదీ కాదన్న సత్యాన్ని చట్టం గుర్తించింది.

అయితే అదే సెక్షన్ ఒక పరిమితి విధించింది: ఏడాదిలో మినహాయించుకొనే మొత్తం ఆ ఏడాది అద్దెలో నాలుగోవంతుకు మించరాదు. మరోవైపు అదే చట్టం ప్రామాణిక అద్దెను 1940 సెప్టెంబరు 1 నాటి స్థాయిలో స్తంభింపజేసింది. ఈ రెండు నిబంధనలను పక్కపక్కన పెట్టి చూడాలి. నెలకు పది రూపాయల అద్దె ఉన్న గదిని ఊహించుకొందాం. ఏడాది అద్దె 120 రూపాయలు. అందులో పావువంతు 30. ఇరవై గదుల వారు ఏకమైనా 600 రూపాయలు. 1950లో ఆ సొమ్ముతో కొంత పెంకు మార్పించవచ్చునేమో. కూలీ, సామగ్రి ధరలు ఏటా పెరుగుతూ, అద్దె మాత్రం 1940లోనే నిలిచిపోయిన తరువాత ఆ మొత్తం ఒక బరకం ఖరీదుకు కూడా చాలదు. హక్కు పుస్తకంలో అలాగే ఉంది. దాని కొనుగోలుశక్తి కరిగిపోయింది.

యజమానుల వాదనలో కూడా నిజం లేకపోలేదు. స్తంభించిన అద్దెతో పన్నులు కట్టి, పైగా దూలాలు మార్పించడం తమ శక్తికి మించినదని వారు అనేవారు. అద్దె నియంత్రణ లేకపోతే లక్షల కుటుంబాలు వీధిన పడేవన్నది అద్దెదారుల సమాధానం. రెండూ నిజమే. అయితే పేదవారి తలపై నీడ నిలపాలన్న ఉద్దేశంతో చేసిన చట్టం ఆ నీడనిచ్చే కప్పుకు నిధి చూపకపోవడం శాసనకర్తల లోపమే. అద్దెను గడ్డకట్టించినవారు మరమ్మతు ఖర్చును గడ్డకట్టించలేరు కదా!

ఈ వైరుధ్యాన్ని సుప్రీంకోర్టు ఎంతో ఆలస్యంగా, 1997 డిసెంబరులో మాల్పే విశ్వనాథ ఆచార్య కేసులో గుర్తించింది. 1940 నాటి స్థాయిలో అద్దెను నిలిపి ఉంచడం కాలక్రమంలో అసమంజసంగా మారిందని చెప్పింది. తరువాత వచ్చిన 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ఏటా నాలుగు శాతం పెంపుదలకు అనుమతించింది. కాని మినహాయింపుపై పావువంతు పరిమితిని యథాతథంగా నిలుపుకొంది.

4. నీరు చేసే పని

ఈ దశాబ్దాలలో కప్పుకు ఏమవుతూ వచ్చిందో చెప్పుకోకపోతే చట్టచరిత్ర కాగితాల చరిత్రగానే మిగులుతుంది. టేకు దూలం మధ్యలో కురిసిన నీటి వల్ల ప్రమాదం తక్కువ, అది ఆరిపోతుంది. గోడలో కూర్చున్న దూలపు కొన వద్ద గాలి ఆడదు. అక్కడ చేరిన చెమ్మ ఆరదు. కొన మెత్తబడుతుంది, చెద పడుతుంది. పైకి దూలం దిట్టంగా కనిపిస్తూనే ఉంటుంది. కాంక్రీటు శ్లాబులో కథ వేరు. పగుళ్ల గుండా దిగిన నీరు లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము పరిమాణంలో ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులూడుతుంది. పెచ్చు ఊడిన చోట సిమెంటు పూసి సున్నం వేస్తే గది శుభ్రంగా కనిపిస్తుంది. తుప్పు మాత్రం లోపల తన పని తాను చేసుకొంటూ పోతుంది.

అందువల్ల పైనుంచి చేయవలసిన పనిని కిందినుంచి చేయడం మరమ్మతు కాదు. ముంబయి మేస్త్రీలు డాబాపై ఇటుకముక్కలను గచ్చులో పరిచి, వాలు కల్పించి, దానిపై నున్నగా పూత పూసే పద్ధతిని ‘బ్రిక్‌బ్యాట్ కోబా’ అంటారు. నీటిని ఆపడం కంటే, నిలవకుండా తరలించడం దాని ప్రధాన సూత్రం. ఈ పనికి డాబా మొత్తం కావాలి. పై అంతస్తు అద్దెదారు ఒక్కడు తన గది పైభాగం వరకే చేయించుకొంటే నీరు పక్క గది మీదుగా తిరిగి వస్తుంది. వ్యక్తిగత మరమ్మతు హక్కు ఉమ్మడి కప్పు దగ్గర ఎందుకు చాలదో సాంకేతికంగా వివరించే సంగతి ఇది.

5. మరమ్మతు మండలి

1960లలో వానాకాలంలో పాత ఇళ్లు కూలడం తరచుగా జరిగేది. యజమాని చేయించడు, అద్దెదారు చేయించుకోలేడు అన్న వాస్తవాన్ని ఒప్పుకొన్న రాష్ట్ర ప్రభుత్వం 1969లో బొంబాయి భవనాల మరమ్మతు, పునర్నిర్మాణ మండలి చట్టం తెచ్చింది. నగరద్వీపంలోని పాత అద్దె భవనాలపై సెస్సు విధించి, ఆ డబ్బుకు ప్రభుత్వ నిధులు కలిపి, మండలి ద్వారా మరమ్మతులు చేయించాలన్నది దాని పథకం. ఇటువంటి బాధ్యతను ఒక రాష్ట్రం తలకెత్తుకోవడం సామాన్య విషయం కాదు. భవనాలను మూడు వర్గాలుగా విభజించారు: 1940 సెప్టెంబరుకు ముందు కట్టిన ‘ఎ’ వర్గం భవనాలు 16,502; 1950 వరకు కట్టిన ‘బి’ వర్గం 1,489; 1969 వరకు కట్టిన ‘సి’ వర్గం 1,651. మొత్తం 19,642. కామాఠీపురాలోని పాత భవనాలలో అధికభాగం ఈ సెస్సు పరిధిలోవే. 1976 నాటి చట్టంతో ఈ వ్యవస్థ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థలో, అంటే మ్హాడాలో, విలీనమైంది.

మండలి దృష్టి ప్రధానంగా ‘నిర్మాణపరమైన మరమ్మతు’పై, అనగా కూలే ప్రమాదమున్న స్తంభాలు, దూలాలు, గోడలపై నిలిచింది. చదరపు మీటరుకు ఇంత అని ఖర్చుకు గరిష్ఠ పరిమితి పెట్టారు. దానిని కాలానుగుణంగా పెంచుతూ వచ్చారు. ఖర్చు పరిమితి దాటే భవనాన్ని మరమ్మతుకు లొంగనిదిగా ప్రకటించి, నివాసులను తాత్కాలిక శిబిరాలకు తరలించేవారు. పరిమిత నిధులతో వేల భవనాలను చూడవలసిన సంస్థ ముందు ప్రాణాపాయాన్నే చూస్తుంది. అందులో తప్పు పట్టడానికి లేదు. కాని ఫలితంగా ఒక విపరీత క్రమం ఏర్పడింది. కప్పు కురవడం రోగానికి తొలి లక్షణం. ఆ దశలో చికిత్స చవక. ఆ దశలో భవనం ‘ప్రమాదకరం’ కాదు కనుక జాబితాలోకి ఎక్కదు. ప్రమాదకరమయ్యేనాటికి కొన్నిసార్లు మరమ్మతు పరిమితి కూడా దాటిపోతుంది. కురిసే కప్పు వరుసలో నిలబడాలంటే ముందు కూలే కప్పు కావాలి.

పురపాలక సంస్థ చేతిలో మరొక ఆయుధం ఉంది: 1888 నాటి ముంబయి మునిసిపల్ చట్టం 354వ సెక్షన్ కింద ప్రమాదకర కట్టడాలకు ఇచ్చే నోటీసు. అద్దెదారులు ఈ నోటీసుకు సంతోషించరు. మరమ్మతు కోరినవారికి ఖాళీ చేయమన్న ఆదేశం చేతికి వస్తుంది. శిబిరానికి వెళితే తిరిగి తమ గది దక్కుతుందా అన్న భయం వల్ల కూలబోయే ఇంట్లోనే ఉండిపోయిన కుటుంబాలు అనేకం. 2017 ఆగస్టు 31న భేండీ బజారులో హుస్సేనీ భవనం కూలి 33 మంది మరణించారు. వందేళ్లు దాటిన ఆ భవనం ప్రమాదకరమని అప్పటికే గుర్తింపు పొందినదే. పునర్నిర్మాణ పథకంలో భాగమై, కొన్ని కుటుంబాలు ముందే ఖాళీ చేసినదే. గుర్తింపుకూ రక్షణకూ మధ్య ఉన్న దూరాన్ని ఆ ఘటన కొలిచి చూపింది.

6. కప్పును కొనుక్కోవడం

మరమ్మతు చేయించని యజమాని నుంచి ఇంటినే తీసుకొంటే? 1986లో మ్హాడా చట్టంలో చేర్చిన ఎనిమిది-ఎ అధ్యాయం ఈ సాహసం చేసింది. సెస్సు భవనంలోని నివాసుల్లో 70 శాతం మంది సహకార సంఘంగా ఏర్పడి కోరితే, నెలవారీ అద్దెకు వంద రెట్లు యజమానికి చెల్లించి ప్రభుత్వం ఆ భవనాన్ని సేకరించి వారికి అప్పగించవచ్చు. అద్దె 1940 నాటిది కనుక పరిహారం కూడా ఆ లెక్కలోనే వచ్చింది. భవన యజమానుల సంఘం కోర్టుకెక్కింది. బొంబాయి హైకోర్టు 1991లో అధ్యాయాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టులో ఆ వివాదం చిన్న ధర్మాసనాల నుంచి పెద్ద ధర్మాసనాలకు బదిలీ అవుతూ, 2024 నవంబరు 5న తొమ్మిదిమంది న్యాయమూర్తుల తీర్పుకు చేరింది. ప్రైవేటు ఆస్తులన్నీ రాజ్యాంగం 39(బి) అధికరణంలోని ‘సమాజపు భౌతిక వనరులు’ కావని అధికసంఖ్యాకులు చెప్పారు. చాల్ కప్పు దగ్గర మొదలైన తగవు దేశపు ఆస్తిభావననే నిర్వచించే తీర్పుకు దారితీయడం న్యాయచరిత్రలో విశేషం. ఆ మూడు దశాబ్దాల వానలు మాత్రం కింది గదుల్లో కురుస్తూనే ఉన్నాయి.

ఈలోగా మరొక దారిలో యాజమాన్యం చేతులు మారింది. 1960 నాటి మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం, 1963 నాటి యాజమాన్య ఫ్లాట్ల చట్టం సొంత ఫ్లాటు, ఉమ్మడి సంఘం అన్న నమూనాను స్థిరపరచాయి. సహకార గృహనిర్మాణ సంఘాల నమూనా ఉపనియమాల్లో మరమ్మతుల జాబితా ఒకటి ఉంది. సంఘం తన ఖర్చుతో చేయించవలసిన పనుల్లో వాననీటి లీకేజీతో పాటు, డాబా గుండా దిగిన వాననీటి వల్ల పై అంతస్తు ఫ్లాట్ల కప్పుకూ పూతకూ కలిగిన నష్టం కూడా ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఫ్లాటు లోపలి మరుగుదొడ్డి, తొట్టి వంటి వాటి లీకేజీ సభ్యుని బాధ్యత. ఉమ్మడి కప్పు కురిసి పాడైన ఒక్కరి గది పూత కూడా అందరి ఖర్చేనని రాయడం చిన్న విషయంగా కనిపించవచ్చు. 1882 నాటి చట్టం గాని, 1947 నాటి చట్టం గాని చెప్పని మాట అది. అనుభవించినవారెవరో పట్టుబట్టి రాయించిన వాక్యంలా ఉంటుంది.

7. తెలుగు రాష్ట్రాల సందర్భం

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలో అపార్టుమెంట్లు విస్తరించేనాటికి ఈ అనుభవం అందుబాటులో ఉంది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం పునాదులు, స్తంభాలు, ప్రధాన గోడలతో పాటు కప్పును కూడా ఉమ్మడి భాగంగా గుర్తించి, నిర్వహణకు ఫ్లాటు యజమానుల సంఘాన్ని ఏర్పరచాలన్నది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలోనూ ఈ చట్టమే కొనసాగింది. ఇక్కడ అద్దె స్తంభించలేదు, యజమాని దూరాన లేడు. ఫ్లాటుదారులే యజమానులు. అయినా పై అంతస్తువారి గోడు మారలేదు. ఐదంతస్తుల భవనంలో నాలుగంతస్తులవారికి డాబా మరమ్మతు చందా తమకు సంబంధం లేని ఖర్చుగానే తోస్తుంది. డాబాపై హక్కులను బిల్డరు తన వద్దే ఉంచుకొని, అక్కడ అదనపు గది కట్టి అమ్మిన భవనాల్లో తగవు మరింత ముదురుతుంది. డాబా అనుభవం ఒకరిది, దాని కింది చెమ్మ మరొకరిది.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం 14వ సెక్షన్ స్వాధీనమిచ్చిన ఐదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని, పనితనపు లోపాన్ని, ఫిర్యాదు అందిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలని చెప్పింది. 1947లో అద్దెదారుకు 15 రోజుల నోటీసు ఇచ్చే హక్కు ఉన్నట్లే, ఇప్పుడు కొనుగోలుదారుకు 30 రోజుల గడువు కోరే హక్కు ఉంది. కాని సిద్ధాంతానికీ శ్లాబుకూ వేర్వేరు కాలగణనలు ఉంటాయి. సరిగా వాలు తీయని డాబాపై నిలిచిన నీరు మొదటి ఏడాదే కిందికి దిగుతుందన్న నియమం లేదు. చువ్వకు తుప్పు పట్టి పెచ్చు ఊడేది ఆరో ఏడాదో ఎనిమిదో ఏడాదో కావచ్చు. అప్పటికి ఫిర్యాదు అందుకోవలసినది బిల్డరు కాదు, సంఘం. సంఘం నమోదు కాని భవనంలోనైతే ఆ కాగితం అందుకొనే చెయ్యి కూడా ఉండదు.